ఎఱ్ఱగుంట్లయు మారిషసు ద్వీపమును

భూగోళశాస్త్రమున నదుల పేళ్లను, పట్టణముల పేళ్లను వల్లెవేయుట యొక పని. ఒకచోట వాన యేల కురియుచున్నదో, మఱియొకచోట నేల కురియకున్నదో విచారించుట వేఱొక పని. మొదటిది జ్ఞాపకశక్తికి సంబంధించినది. రెండవది బుద్ధికి సంబంధించినది. ఈ రెండవ పనికి పోలికకు మించిన సాధనము లేదు. ఎఱిగిన చోటిని ఎఱుగని చోటి ప్రక్క నుంచి చూచినచో, ఎఱుగనిది తెలియుటయే గాక, ఎఱుగుదుమని యనుకొన్నదియు క్రొత్తగా తెలియవచ్చును.

విద్యార్థులారా! మీరెఱిగిన చోటు ఎఱ్ఱగుంట్ల. దాని ప్రక్క నుంచి చూచుటకు హిందూమహాసముద్రము నడుమ నున్న మారిషసు ద్వీపమును ఎన్నుకొంటిని. దీనికి కారణములు రెండు. ఆ ద్వీపమున నేటికిని తెలుగువారు కాపురమున్నారు గనుక అది మనకు పూర్తిగా పరాయిచోటు కాదు. రెండవ కారణము గాలి. మన యూరికిని ఆ దీవికిని గాలి మూలమున నొక చుట్టఱికము కలదు. అది యెట్టిదో ముందు తెలిసికొందురు.

మన సీమలో పెద్దలు రచ్చకట్టమీదను, పిన్నలు బడిలోను తఱచుగా ననుచుండు మాట యొకటి యున్నది: “ఇది దేవుడు మఱచిన నేల, ఇక్కడ వాన పడదు, పంట పండదు.” వానలు తప్పిన యేట ఈ మాట విన్న బాలుడు, ఊరు విడిచిపోవుటయే తరుణోపాయమని తలచును. ఈ మాట యెంతవఱకు నిజమో పరీక్షించుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

ఉనికి

ఎఱ్ఱగుంట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదునాలుగున్నర డిగ్రీల దూరమున నున్నది. మారిషసు దక్షిణముగా ఇరువది డిగ్రీల దూరమున నున్నది. రెండును ఉష్ణమండలములోనివే. రెండింటికిని నడుమ సరళమార్గమున సుమారు 4,500 కిలోమీటర్లు. ఆ దీవి మనకు పడమరగా ఇరువదియొక్క డిగ్రీల రేఖాంశముల దూరమున నుండుటచే, డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున, అక్కడ ప్రొద్దు మనకంటె 84 నిమిషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చును. గడియారముల తేడా మాత్రము సరిగా గంటన్నర.

సూర్యుడు ఏప్రిలు నెల కడపటను, మరల ఆగస్టు నడుమను మన నడినెత్తిమీదుగా పోవును. మారిషసులో ఈ సంగతి నవంబరు మూడవ వారమునను, జనవరి మూడవ వారమునను జరుగును. కావున మనకు వేసవియైనపుడు వారికి చలికాలము. మనకు చలికాలమైనపుడు వారికి వేసవి. జూను నెలలో మధ్యాహ్నవేళ అక్కడి బాలుడు సూర్యుని చూడవలెనన్న ఉత్తరముగా తిరిగి, ఆకాశమున నడిమి యెత్తుకు చూపు నిగుడింపవలెను. రాత్రియందును ఇట్టి భేదమే. మన యూరినుండి ధ్రువనక్షత్రము ఉత్తరదిక్కున పదునాలుగున్నర డిగ్రీల యెత్తున కనబడును. మారిషసునుండి అది యెన్నడును కనబడదు. దక్షిణ దిక్కున సిలువయాకారమున నుండు నక్షత్రకూటమి మనకు మే నెల రాత్రులలో దిఙ్మండలమునకు చేరువగా మెఱయును. అక్కడ అది మిన్నున మిక్కిలి పైకెక్కి వెలుగును.

పరిమాణమున ఆ దీవి చిన్నది. ఉత్తరదక్షిణములుగా 65 కిలోమీటర్లు, తూర్పుపడమరలుగా 45 కిలోమీటర్లు. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. 2022వ సంవత్సరపు విభజనకు పూర్వమున్న కడప జిల్లాలో అట్టి దీవులు ఎనిమిది యిమిడియుండెడివి. అక్కడ ఏ యూరినుండి నడచినను సముద్రము ఒక దినపు నడకలో నుండును. మనకో, సముద్రము తూర్పున సుమారు 170 కిలోమీటర్ల దూరమున నున్నది. నడుమ కొండల వరుసలు అడ్డముగా నున్నవి. ఈ కొండలను జ్ఞాపకముంచుకొనుడు.

నేల పుట్టుక

ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల ఏ బండ గనిలోనికి దిగి చూచినను రాయి పుస్తకపు పుటలవలె పొరలు పొరలుగా నుండును. అందుచేతనే మన పనివారు ఉలి సమ్మెటలతో దానిని పలకలుగా లేవనెత్తగలుగుచున్నారు. ఇంటికి నేలబండగను, పైకప్పుగను, చేనికి గట్టుబండగను, పశువులకు నీటితొట్టిగను ఉపయోగపడు ఈ నాపరాయి, ఒకప్పుడు సముద్రగర్భమున పేరుకొనిన సున్నపుబురద. భూగర్భశాస్త్రజ్ఞులు దీనికి మన జిల్లాలోని నార్జి గ్రామము పేరే పెట్టి నార్జి సున్నపురాయి యనుచున్నారు. కడప శిలలలో మిక్కిలి ప్రాచీనమైనవి సుమారు 190 కోట్ల యేండ్లనాటివి. నార్జి రాయి వానికంటె పిన్నదియే. అయినను భూమిమీద చేపయు చెట్టును పుట్టకపూర్వమే అదియు పేరుకొనినది. సముద్రమునకు దూరమున నున్నామని వగచు మనము దినదినము నడచునది పాత సముద్రపు టడుగుమీదనే! చిలమకూరు మొదలగు చోట్ల సిమెంటు కర్మాగారములు వెలయుటకును ఈ సున్నపురాయియే కారణము.

మారిషసు పుట్టుక వేఱు. సముద్రగర్భమునుండి అగ్నిపర్వతములు రాతిద్రవమును వెడలగ్రక్కగా, అది చల్లాఱి గట్టిపడి, సుమారు ఎనుబది లక్షల యేండ్ల క్రిందట నీటిపైకి లేచిన దీవి అది. మన బండలయెదుట అది నిన్న పుట్టిన బిడ్డవంటిది. నేడు అక్కడ అగ్నిపర్వతము లన్నియు చల్లాఱియున్నవి. పొరుగుననున్న రెయూనియను దీవిలో మాత్రము ఇంకను ఒకటి మండుచున్నది. మారిషసు నడుమ నొక పీఠభూమియు, దాని చుట్టు విఱిగిన గిన్నె యంచులవలె కొండలును కలవు. అన్నిటికంటె పొడవైన శిఖరము 828 మీటర్లు. ఆ దీవి రాయి నల్లనిది. పొరలు లేక గుండ్లు గుండ్లుగా నుండును. చెఱకుతోటల నడుమ ఆ గుండ్లను ఏరి కుప్పలుగా పోసిన గుట్టలను నేటికిని చూడవచ్చును. వానిని ఏరి పోసిన చేతులలో పెక్కు మన దేశపు కూలీలవి.

రెండుచోట్లను గుహలున్నవి, కాని వాని పుట్టుకయందు భేదమున్నది. మనకు వాయవ్యముగా నున్న బెలుము గుహలు 3,229 మీటర్ల పొడవున వ్యాపించినవి. వాన నీరు సున్నపురాతిని యుగయుగములుగా కరగించి వానిని తొలిచినది. మారిషసు గుహలను తొలిచినది నీరు కాదు, నిప్పు. పాఱుచున్న రాతిద్రవము పైన చల్లాఱి గట్టిపడగా, లోపలిది ముందునకు జాఱిపోయి గొట్టములవంటి గుహలు మిగిలినవి.

ఒకే గాలి

ఇక గాలి సంగతి. భూమధ్యరేఖకు దక్షిణమున ఆగ్నేయ వ్యాపారపవనములు వీచును. మారిషసునకు దక్షిణమున సముద్రముమీద వాయుభారము మిక్కుటముగా నుండు ప్రదేశ మొకటి కలదు. ఆ ప్రాంతపు దీవులకు మస్కరీను దీవులని పేరగుటచే, ఆ భారమునకును శాస్త్రజ్ఞులు ఆ పేరే పెట్టిరి. నీరు మిట్టనుండి పల్లమునకు పాఱునట్లే, గాలియు భారము హెచ్చైన చోటినుండి తక్కువైన చోటికి పాఱును. మే, జూను నెలలలో ఉత్తరహిందూస్థానము ఎండచే కాగి, అక్కడి గాలి తేలికయై పైకిపోవును. అపుడు మస్కరీను సముద్రముల గాలి మారిషసును దాటి, ఆఫ్రికా తూర్పుతీరము దగ్గఱ భూమధ్యరేఖను గడచి, భూమి తన్నుతాను తిరుగుటచే కుడివైపునకు మళ్లి, అరేబియా సముద్రముమీదుగా నైరృతి దిక్కునుండి మన దేశముపైకి వచ్చును. మనము నైరృతి ఋతుపవన మనునది ఇదియే. మన రైతు ముంగారు వానకై కనిపెట్టుకొనియుండు గాలి, అంతకు కొన్నాళ్లకు ముందు మారిషసు సముద్రముల మీదుగా కదలిన గాలియే. పైని చెప్పిన చుట్టఱిక మిదియే. ఆ దక్షిణ సముద్రమున భారము హెచ్చుచున్నదా, తగ్గుచున్నదా యని మన వాతావరణ శాస్త్రజ్ఞులు ప్రతి సంవత్సరము కనిపెట్టి చూచుటకును కారణ మిదియే.

ఒకే గాలియైనచో, ఫలము ఒక్కటిగా నుండవలదా? మారిషసు దీవికి సాలుకు సగటున సుమారు 2,010 మిల్లీమీటర్ల వాన. కడప జిల్లాకు సుమారు 700 మిల్లీమీటర్లు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతమున అంతకంటెను తక్కువ. ఈ భేదము నెవరు చేసిరి? కొండలు చేసినవి.

కొండచాటు

తేమగల గాలి కొండ కడ్డుపడి పైకెక్కినపుడు చల్లబడును. చల్లని గాలి వేడిగాలి మోసినంత తేమను మోయజాలదు గనుక, మిగిలినదానిని వానగా విడిచిపెట్టును. శిఖరము దాటి ఆవలివైపునకు దిగునపుడు ఆ గాలియే మరల వేడెక్కి పొడిగాలి యగును. కొండకు గాలితట్టు పచ్చగను, చాటుతట్టు ఎండియు నుండుటకు ఇదియే కారణము. దీనిని వర్షచ్ఛాయ యందురు.

నైరృతి గాలి మనలను చేరకమునుపు పడమటి కనుమల నెక్కవలెను. ఆ కనుమలమీది ఆగుంబెయందు సాలుకు 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అక్కడ అంత దానము చేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు మిట్టనేలలమీద నడచి, మన యొద్దకు వచ్చునప్పటికి గాలిచేతిలో మిగులునది స్వల్పము. జూను, జూలై నెలలలో మేఘములు మన తలపైనుండి పరుగెత్తుచుండుటను, గాలి ఈడ్చి కొట్టుచుండుటను, చినుకు మాత్రము రాలకుండుటను మీరు చూచుచునే యున్నారు. అక్టోబరు, నవంబరు నెలలలో గాలి తిరిగి, ఈశాన్యమునుండి బంగాళాఖాతపు తేమను తెచ్చును. అపుడు నెల్లూరు తీరమునకు పుష్కలముగా వాన కురియును. కాని మనకు తూర్పున వెలికొండలు, పాలకొండలు, నల్లమలలు నిలిచియున్నవి. ఆ గాలియు తన సొమ్ములో మిక్కిలి భాగము ఆవలివారికే యిచ్చి వచ్చుచున్నది. పడమటి గాలికి పడమటి కనుమలచాటు, తూర్పు గాలికి తూర్పు కనుమలచాటు: మన సీమ రెండు గోడల నడుమనున్న పెరడువంటిది.

మారిషసు నంతయు తడిదేశమని తలపరాదు. అక్కడను ఇదే న్యాయము చిన్న కొలతలో పనిచేయుచున్నది. ఆగ్నేయమునుండి సంవత్సరము పొడుగున వీచు గాలి పీఠభూమి నెక్కునపుడు మిక్కిలి తడిచోట్ల సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన కురిపించును. పీఠభూమిమీది క్యూర్‌పీపు పట్టణమున గొడుగులేక వీధికి పోవుట సాహసము. అచ్చటికి ఇరువది కిలోమీటర్ల దూరమున, పడమటి తీరమున, కొండలచాటున నున్న రాజధాని పోర్టు లూయీ ప్రాంతమున సాలు వాన అందులో నాలుగవవంతు మాత్రమే. సముద్రపుటొడ్డున నుండియు ఆ తీరము పొడినేలయే! కనుక సముద్రము దగ్గఱనుండుటయే వానకు చాలదు. గాలి యేదిక్కున వచ్చునో, కొండ యేదిక్కున నిలిచియున్నదో చూడవలెను. ఎఱ్ఱగుంట్ల బాలుడు పోర్టు లూయీ బాలునితో “మీ కొండ చిన్నది, మా కొండ పెద్దది, అంతియే భేదము” అని చెప్పవచ్చును.

ఎండ లెక్క

వాన యెంత కురిసెనను లెక్క యొక్కటియే చాలదు. ఎండ యెంత త్రాగెనను లెక్కయు చూడవలెను. మారిషసులో వేసవి సగటు వేడిమి 24.7 డిగ్రీలు, చలికాలపు సగటు 20.4 డిగ్రీలు. రెండింటికిని భేదము నాలుగు డిగ్రీలకు కొంచెము పైగా మాత్రమే. చుట్టునున్న సముద్రము పగటివేడిని మ్రింగి, రాత్రి మెల్లగా విడుచుచు, దీవిని మితముగా నుంచును. మన యూరిలో మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటుట సామాన్యము. డిసెంబరు తెల్లవాఱుజామున దుప్పటి కావలసియుండును. రాతినేల త్వరగా కాగును, త్వరగా చల్లాఱును.

ఇందువలన మన దేశమున, నీరు ఎల్లప్పుడును అందుబాటులో నున్నచో, ఎండగాలులు సంవత్సరమునకు త్రాగివేయగల నీరు కురియు వానకు రెట్టింపునకు పైగా నుండును. వెడల్పై లోతులేని గుంటలో నిలిచిన నీరు మార్చి వచ్చుసరికి ఆకాశమునకు పోవుట కిదియే కారణము. మన యూరి పేరులోనే గుంట యున్నది. ఆ గుంట నిండుట ఎంత ముఖ్యమో, నిండినది నిలుచుటయు అంత ముఖ్యము.

తుపానులు, వఱదలు

వాన తక్కువైన దేశమున వఱద యుండదనుకొనుట పొరపాటు. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, అప్పటి మన జిల్లాలోనే గ్రామములు మునిగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ నెలలో కురిసినది బంగాళాఖాతమునుండి వచ్చిన వాయుగుండపు వాన. మన నేలకు సంవత్సరపు వాన మెల్లమెల్లగా రాదు. కొలది దినములలో, ఒక్కొక్కప్పుడు కొలది గంటలలో వచ్చిపోవును. నీరు నిలుపుకొన నేర్వని యూరికి కఱవును వఱదయు ఒకే యేట రాగలవు.

మారిషసునకు తుపానులు నవంబరు మొదలు ఏప్రిలు, మే నెలలవఱకు వచ్చుచుండును. మన తుపానులు గడియారపు ముండ్లు తిరుగు దిక్కునకు వ్యతిరేకముగా సుడితిరుగును; అక్కడివి గడియారపు ముండ్లవలె తిరుగును. భూభ్రమణము రెండర్ధగోళములను వేర్వేఱువైపులకు మళ్లించుటయే దీనికి హేతువు. 1960వ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చిన కరోలు అను తుపాను ఆ దీవిలో వేలకొలది యిండ్లను నేలమట్టము చేసెను. అటు పిమ్మటనే అక్కడివారు కఱ్ఱ, రేకు, పూరి యిండ్లను విడిచి కాంక్రీటు ఇండ్లను విరివిగా కట్టుకొనిరి. 2013వ సంవత్సరము మార్చి 30వ తేదీన, ఇంతకుముందు పొడిచోటని చెప్పిన పోర్టు లూయీలో, రెండు గంటలు నిండకమునుపే 150 మిల్లీమీటర్లకు మించిన వాన కురిసి, వీధులు ఏళ్లై, పదునొకండుగురు మరణించిరి. 1999లో అదే దీవిని గొప్ప అనావృష్టి పీడించి చెఱకుపంటను దెబ్బతీసెను. 2,000 మిల్లీమీటర్ల వానగల దేశమునకును ఎండినకాలము తప్పలేదు. సగటు లెక్కను నమ్మి నిదురించువానిని అది యెక్కడనైనను మోసగించును.

పైరులు, పండుగలు

మారిషసునకు చెఱకును తెచ్చినవారు డచ్చివారు. 1639లో జావానుండి తెచ్చిరి. తరువాత ఫ్రెంచివారును, 1810 మొదలు ఆంగ్లేయులును దానిని పెంచగా, దీవి యంతయు చెఱకుతోట యయ్యెను. తుపానుగాలికి వంగియు విఱుగక మరల లేచు పైరగుట దానికి గల గొప్పగుణము. మన నల్లరేగడిలో జొన్నయు, శనగయు, ప్రత్తియు. ఎఱ్ఱనేలలో కొఱ్ఱయు, సజ్జయు, వేరుశనగయు పండుచున్నవి. నల్లరేగడి హింగారు వాననీటిని తన కడుపున దాచుకొని, పైన చినుకు లేకున్నను మంచుకాలమంతయు శనగచెట్టును పోషించును. ప్రతి నేలయు తనకు తగిన పైరును తానే ఎన్నుకొన్నది. చెఱకునకు జొన్నచేనిమీదను, జొన్నకు చెఱకుతోటమీదను అధికారము లేదు.

అక్కడి తెలుగువారు ఉగాదిని జరుపుకొందురు. ఆ దేశ ప్రభుత్వము ఆ దినమును సెలవుగా పాటించుచున్నది. మన ఉగాది వసంతారంభమున వచ్చును. అదే దినమున వారికి వేసవి ముగిసి, వానలు తగ్గి, చలికాలము సమీపించుచుండును. మనకు మామిడి ఏప్రిలులో పండనారంభించును. వారికి నవంబరు మొదలు జనవరి లోపుననే పండును. ఉత్తరాయణము మనకు ప్రొద్దును దగ్గఱకు తెచ్చును. వారికి దూరము చేయును. పంచాంగము ఒక్కటియే; దానిక్రింది ఋతువు మాత్రము తలక్రిందులు. తాతముత్తాతల పండుగను తలక్రిందులైన ఋతువులోను విడువక పట్టుకొనిన యా జనుల పట్టుదల మెచ్చదగినది.

జనులు వెళ్లిన త్రోవ

బానిసత్వము రద్దయిన పిమ్మట, 1834 మొదలు ఆ దీవి చెఱకుతోటలకు భారతదేశమునుండి ఒప్పంద కూలీలను కొనిపోయిరి. అట్లు పోయినవారు అందఱును కలిసి సుమారు నాలుగున్నర లక్షలమంది. వారు దిగిన పోర్టు లూయీ రేవుమెట్లు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006 మొదలు ప్రపంచ వారసత్వ స్థలముగా గణింపబడుచున్నవి. తెలుగువారు ముఖ్యముగా కోరంగి మొదలగు ఉత్తరతీరపు రేవులనుండి ఓడలెక్కిరి. 1832-33 సంవత్సరముల నందన కఱవు గుంటూరు ప్రాంతమును పాడుచేసెను. 1839లో తుపాను ఉప్పెన కోరంగినే ముంచెను. ఆకలియు నీరును వెనుకనుండి తఱుముచుండగా, ముందున్న సముద్రము వారికి తక్కువ భయంకరముగా తోచియుండును.

మన సీమయు ఈ బాధ నెఱుగనిది కాదు. 1876 మొదలు 1878 వఱకు నడచిన ధాత కఱవు కడప, కర్నూలు, బళ్లారి మండలములను క్రుంగదీసెను. ఆ కఱవున వాన తప్పుట యెంత కారణమో, ధాన్యము కొనలేని బీదతనమును, పాలకుల చాలని సాయమును అంత కారణములు. ఇది భూగోళ పాఠమున ముఖ్యముగా నేర్వదగినది: వాన తప్పించునది ప్రకృతి, మనుష్యుని చంపునది తఱచుగా ఏర్పాటుల లోపము.

దీవికి చేరినవారి సంతతి 1968లో ఆ దేశము స్వతంత్రమగుటను చూచినది. నేడు అక్కడి పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగినవి.

మనకు పాఠము

ఇపుడు మొదట అనుకొన్న మాటకు వత్తము: ఇది దేవుడు మఱచిన నేలయా? కాదు. కొండలచాటున నున్న నేల. శాపమునకు విఱుగుడు లేదు, కొండచాటునకు కలదు. ఆ విఱుగుడును మన పూర్వులెఱుగుదురు. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువునకు 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు దానిని కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసి కట్టిన దని శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములను, చెఱువున కుండగూడని ఆఱు దోషములను అందు చెక్కించిరి. నీటిశాస్త్ర మెఱిగినవాడు, గట్టినేల, తీయని నీటి నది, దగ్గఱలో రాతిగని, నేర్పరులగు పనివారు: ఇవి సాధనములలోనివి. కట్టనుండి నీరు కాఱుట, చవుడునేల, నడుమ మిట్టయుండుట, కొద్దినీటికి విస్తారమైన సాగుభూమి యుండుట: ఇవి దోషములలోనివి. ఈ కడపటి దోషమును మరల చదువుడు. ఉన్న నీటికి మించి పైరు పెట్టుట తప్పని ఆఱున్నర శతాబ్దముల క్రిందట మన జిల్లాలో రాతిమీద వ్రాసిరి. నేడు ఒక చేనిలో నీరు తగ్గినదని పక్కచేనిలో అంతకంటె లోతైన బోరుబావిని త్రవ్వుచున్న మనకు ఆ రాయి ఇంకను బోధించుచునే యున్నది.

రెండవ విఱుగుడు నదులు. పడమటి కనుమలు మన వానను పట్టుకొన్నవని చెప్పితిని. కాని అవి దానిని దాచుకొనలేదు. అక్కడ కురిసిన నీరే కృష్ణయు తుంగభద్రయునై తూర్పుగా పాఱుచున్నది. 1863లో పని మొదలై సుంకేసుల ఆనకట్టనుండి త్రవ్వబడిన కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని మన జిల్లాకు తెచ్చినది. నేడు శ్రీశైలమునుండి కాలువలలో వచ్చు కృష్ణనీరు, పెన్న ఎఱ్ఱమలల నడుమ గండికొట్టుకొని పాఱు గండికోట దగ్గఱ, 26.85 టి.ఎం.సి.లు పట్టు జలాశయమును నింపుచున్నది. ఆలోచింపుడు: మస్కరీను సముద్రమున కదలిన గాలి, పడమటి కనుమలపై విడిచిన నీరు, నదియై, కాలువయై, మనకు ఒక పగటి నడకలో నున్న గండికోటకు చేరినది. గాలి తేలేకపోయినదానిని నది తెచ్చినది. నది దానంతట తేలేనిదానిని మనుష్యుని పనితనము తెచ్చినది.

మూడవ విఱుగుడు మన యింటికప్పుననే యున్నది. నూఱు చదరపు మీటర్ల కప్పుమీద సాలుకు 600 మిల్లీమీటర్ల వాన కురిసినచో, ఆ నీరు 60,000 లీటర్లు. అందులో ఐదవవంతు పోయినదనుకొన్నను 48,000 లీటర్లు మిగులును. మనిషికి దినమునకు 40 లీటర్ల చొప్పున నలుగురు గల సంసారమునకు 160 లీటర్లు. ఆ నీరు వారికి సరిగా మున్నూఱు దినములు వచ్చును. పెద్ద తరగతుల బాలురు తమ యింటికప్పును కొలిచి ఈ లెక్కను తామే వేసి చూడవలెను. పాఠశాలలో ఖాళీ డబ్బా యొకటి, కొలబద్ద యొకటి యున్నచో ప్రతి వానయు ఎంత కురిసెనో వ్రాసి యుంచవచ్చును. పది సంవత్సరములు తప్పక వ్రాసిన అట్టి పుస్తకము మన యూరికి ఏ పెద్దగ్రంథమునకును తీసిపోని ధనము. చెఱువు పూడిక తీయునపుడు ఒక గంప మన్ను మోయుటయు, వంకకు అడ్డముగా చెత్తవేయకుండుటయు భూగోళ పాఠములోని భాగములే.

మారిషసు బాలుడు అదృష్టవంతుడు, ఎఱ్ఱగుంట్ల బాలుడు దురదృష్టవంతుడు అని ఈ పోలికనుండి తేల్చువాడు పాఠమును సగమే చదివినవాడు. వారికి వాన పెక్కు. తుపాను భయమును పెక్కు, నేల కొంచెము. మనకు వాన కొంచెము. నేల విశాలము, రాయి పుష్కలము, నల్లరేగడి లోతు, ఎండ వెలుతురు ఎన్నడును తప్పనిది. ఎవరికి ఏమి యీయబడెనో తెలిసికొనుట భూగోళశాస్త్రము. ఈయబడినదానిని పాడుచేయక వాడుకొనుట జ్ఞానము. కావున విద్యార్థులారా, ఈ యేడు ముంగారు గాలి మొదటిసారి మీ మొగములకు తగిలినపుడు, అది యెంతదూరమునుండి, ఏయే కొండలను దాటి వచ్చినదో తలచుకొనుడు. అది తెచ్చిన కొద్దిపాటి వాన కురియకముందే మీ యింటి గుంటను శుభ్రముచేసి సిద్ధముగా నుంచుడు.